రాత్రి పూట చెరువు ఎవరిది?

విద్యార్థుల్ని కొండల మీదికి, అదీ రాత్రి బసకు తీసుకెళ్ళాలా వద్దా అని మా విద్యాలయంలో ఈ ఏడాది చాలాసార్లు చర్చ జరిగింది. తీసుకెళ్ళాలనే మేమంటాం. కానీ ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్న విషయంలో మా మాట కొందరు మిత్రులకు నచ్చలేదు. నీటి గట్టున డేరా వేయకూడదన్నది మా అభిప్రాయం. చెరువు ఎంత అందంగా ఉంటే అంత దూరంగా పడుకోవాలి. ఎందుకో చెప్పాలంటే మేము చూసి వచ్చిన ఒక చెరువు సంగతి చెప్పాలి.

మార్చి చివరి వారంలో, వార్షిక పరీక్షలు ముగియగానే, మా స్కౌట్స్ అండ్ గైడ్స్ దళం నుంచి 22 మందిమి, ఇద్దరు ఉపాధ్యాయులతో కలిసి ఉత్తరాఖండ్‌లోని దేవరియా తాల్‌కు వెళ్ళాం. రుద్రప్రయాగ జిల్లాలో ఊఖీమఠ్ దాటాక సారీ అనే పల్లె వస్తుంది. అక్కడ బస్సు దిగి సుమారు 3 కిలోమీటర్లు కొండ ఎక్కాలి. పైన, సముద్రమట్టానికి 2,438 మీటర్ల ఎత్తులో చెరువు ఉంది. మన ఊరి చెరువులతో పోలిస్తే దాన్ని కుంట అనాలి. తాపీగా నడిచినా కాసేపట్లో చుట్టి రావచ్చు. అయినా జనం అంత దూరం ఎందుకు వస్తారంటే, గాలి లేని ఉదయం 7,138 మీటర్ల చౌఖంబా శిఖరం ఆ నీళ్ళలో తలకిందులుగా కనిపిస్తుంది. ఆ ఫోటో చూసినవాళ్ళెవరికైనా ఆ గట్టునే పడుకుని, ఆ గట్టునే నిద్ర లేవాలనిపిస్తుంది. మాకూ అనిపించింది. గట్టు మీద రాత్రి బసకు అనుమతి లేదని బయలుదేరే ముందే తెలిసేసరికి మాలో సగం మంది ముఖాలు వాడిపోయాయి. అంత దూరం వెళ్ళి ఊళ్ళో పడుకోవడమేమిటని గొణిగారు. ఆ గొణుగుడికి జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాం.

ఆ చెరువు గట్టునే యక్షుడు ధర్మరాజును ప్రశ్నలు అడిగాడని అక్కడివాళ్ళు చెబుతారు. జవాబు దొరకని ప్రశ్నను యక్షప్రశ్న అనడం మనకు తెలుగులో అలవాటే. ఎర్రన పూర్తి చేసిన అరణ్యపర్వ భాగంలో ఆ కథ ఉంది. అందరూ ప్రశ్నల్ని గుర్తుపెట్టుకుంటారు, అవి పోటీ పరీక్షల్లో కూడా వస్తాయి. ప్రశ్నలకు ముందు యక్షుడు పెట్టిన షరతును మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఈ నీరు నాది, నాకు జవాబు చెప్పాకే తాగాలన్నది ఆ షరతు. నలుగురు తమ్ముళ్ళూ దాహంతో వచ్చారు, దాహం తప్పు కాదు. చెప్పేవాడు చెబుతున్నా వినకుండా నీళ్ళలోకి దిగడం తప్పయింది.

ఇక మేము వెళ్ళిన కాలం గురించి చెప్పాలి. మార్చి అంటే మన దగ్గర ఎండలు ముదిరి ఒంటిపూట బడులు నడిచే రోజులు. అక్కడ మాత్రం వసంతం అప్పుడే తలుపు తడుతోంది. ఎత్తైన గుళ్ళింకా తెరవలేదు. చలికాలంలో కేదారనాథుని ఉత్సవమూర్తి కిందికి దిగి ఊఖీమఠ్‌లోని ఓంకారేశ్వర ఆలయంలో పూజలందుకుంటాడు. మళ్ళీ పైకి వెళ్ళేది వేసవి మొదట్లోనే. యాత్రికులు లేరు, దుకాణాలు చాలావరకు మూసి ఉన్నాయి. కొండ ఖాళీగా ఉంది అనుకున్నాం. కొండ ఖాళీగా లేదు. చలికాలమంతా కింది అడవుల్లో తలదాచుకున్న మోనాల్ పక్షులు మంచు కరిగేకొద్దీ పైకి ఎక్కేది ఆ రోజుల్లోనే. చలికాలాన్ని ముడుచుకుని గడిపిన నల్ల ఎలుగుబంట్లు మేల్కొని తిండి వెతుక్కునేదీ అప్పుడే. బురాంశ్ చెట్లు ఎర్రగా పూసి ఉంటాయి, కొండముచ్చులు కొమ్మల మీద కూర్చుని ఆ పూలు తుంచుకుని తింటుంటాయి. మాకు ఇంటి దగ్గర ఉగాది వేపపువ్వు గుర్తొచ్చింది. ఊళ్ళో బురాంశ్ పూల షర్బతు ఇచ్చారు, అది ఏమాత్రం చేదుగా లేదు.

కానీ జంతువులకు ఇది పండుగ కాలం కాదు. చలికాలం చివరికి వచ్చేసరికి ఒంట్లో కొవ్వు తరిగి, కొత్త గడ్డి ఇంకా సరిగా మొలవక, ఏడాదిలో అన్నిటికంటే బక్కచిక్కి ఉండే రోజులివి. అలాంటప్పుడు బెదిరి ఒకసారి కొండ దిగి పరుగెత్తితే ఆ శక్తిని తిరిగి కూడగట్టుకోవడానికి ఎంత మేయాలి? మనకు ఫోటోల కాలం, వాటికి ప్రాణం నిలుపుకునే కాలం. ఈ రెండూ ఒకే వారంలో, ఒకే గట్టు మీద కలుస్తున్నాయి.

సారీలో రాత్రి పడుకుని, తెల్లగా వెలుతురు వచ్చాక బయలుదేరాం. మా గైడు ఆ ఊరివాడే. ఊళ్ళో పిల్లలంతా ఆయన్ని ‘భైజీ’ అంటారు, గఢ్వాలీలో అన్నయ్య అని. మేమూ అలాగే పిలిచాం. చెరువు కనిపించగానే పరుగు తీయబోతే భైజీ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఐదుగురు చొప్పున, ఆయన వెనకే, గట్టు వార బురద తొక్కకుండా రమ్మన్నాడు. మొదట మాకు విసుగనిపించింది, చౌఖంబా అక్కడ నీళ్ళలో వెలుగుతుంటే బురద చూపిస్తాడేమిటని. తర్వాత ఆ బురద ముందు నుంచి మమ్మల్ని లేపడానికి మా మేడమ్ రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

రాత్రి ఎవరెవరు వచ్చారో ఆ బురద మీద హాజరు పట్టీలా రాసి ఉంది. చిన్న చీలిక డెక్కల జాడ కాకడ్‌ది. కాకడ్ అంటే కుక్కలా మొరిగే జింక. దానికంటే కాస్త పెద్ద డెక్కలు గోరల్‌వి, మేకకు దగ్గరి చుట్టమైన కొండ జంతువు అది. మూడు వేళ్ళు విచ్చుకున్న గీతలు కలీజ్ అనే అడవికోడి జాతి పక్షివి. అన్నిటికీ పక్కగా, తొందరేమీ లేనట్టు సమంగా పడ్డ గుండ్రటి అడుగులు చిరుతవి. నాలుగు వేళ్ళు, వెనక వెడల్పాటి మెత్త, గోళ్ళ గుర్తు లేదు. కుక్క అడుగైతే గోళ్ళు కనిపిస్తాయి, చిరుత నడిచేటప్పుడు గోళ్ళను లోపలికి ముడుచుకుంటుంది. ఒకచోట చిరుత అడుగు కాకడ్ అడుగు మీద పడింది. అంటే కాకడ్ ముందు వచ్చి వెళ్ళిపోయింది, చిరుత ఆ తర్వాత వచ్చింది. గట్టు వార నీటి మీద గాజులాంటి మంచు పొర ఉంది. రెండు చోట్ల ఆ పొర పగిలి, మళ్ళీ ఇంకా పలచగా పేరుకుంది. తాగి వెళ్ళాక కూడా రాత్రి చాలా మిగిలి ఉందన్నమాట.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటి గమనించాం. ఈ జాడలు చెరువు చుట్టూ సమానంగా లేవు. ఏటవాలు ఎక్కువగా ఉన్న వైపు, పొదలు దట్టంగా ఉన్న వైపు దాదాపు ఏమీ లేవు. నేల చదునుగా, నీళ్ళలోకి నెమ్మదిగా దిగే చోటనే గుంపుగా ఉన్నాయి. మేము డేరా వేయాలనుకున్నదీ సరిగ్గా అక్కడే. పడుకోవడానికి మనిషికి ఏ చోటు అనువుగా ఉంటుందో, తల వంచి నీళ్ళు తాగడానికి జంతువుకూ అదే అనువుగా ఉంటుంది. కొండ నడుం మీద నిలిచిన నీరు ఎక్కడబడితే అక్కడ దొరకదు. ఇరవై నాలుగు మందిమి ఆ చదును మీద పది డేరాలు పరిస్తే ఆ రాత్రి హాజరు పట్టీలో ఒక్క పేరూ ఉండేది కాదు.

మౌనంగా పడుకుంటే ఏమవుతుందని కొందరు మిత్రులు అడిగారు. ముందుగా, ఇరవై రెండు మంది పిల్లలు మౌనంగా పడుకుంటారనే మాట మా హాస్టల్ వార్డెన్ల ముందు అనకండి. సరే, నిజంగానే గుసగుసగా మాట్లాడుకున్నామనుకుందాం. భౌతికశాస్త్రం ఒప్పుకోదు. రాత్రి నీటి మీది గాలి చల్లగా, ఆ పై గాలి కాస్త వెచ్చగా ఉంటే శబ్దం పైకి పోకుండా కిందికి వంగి నీటి వెంట చాలా దూరం సాగుతుంది. పగలు వినిపించని మాట రాత్రి అవతలి గట్టుకు వినిపిస్తుంది. టార్చి వెలుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. చీకటిలో చూడడానికి తయారైన కళ్ళలోకి అది సూదిలా దిగుతుంది. మంట వేసుకోవడం మరీ పొరపాటు. ఉత్తరాఖండ్‌లో ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 దాకా అడవి మంటల కాలంగా లెక్క కడతారు. మేము వెళ్ళిన వారం ఆ లెక్కలోనే ఉంది.

కాలినడక యాత్రికులు చాలా దేశాల్లో పాటించే నియమం ఒకటుంది, నీటికి కనీసం 200 అడుగుల దూరంలో డేరా వేయాలని. మంచి నియమమే. పెద్ద సరస్సుకు సరిపోతుందేమో. ఇంత చిన్న చెరువుకు, దిగే దారి ఒకటో రెండో ఉన్నప్పుడు, 200 అడుగులంటే ఇంటి గుమ్మం వదిలి వరండాలో కూర్చోవడమే.

రాత్రిని వన్యప్రాణులకు వదిలేయడం కొత్త ఆలోచనేమీ కాదు. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్‌లలో, అంటే ఎత్తైన కొండ పచ్చిక మైదానాల్లో, రాత్రి బసను నిషేధించింది. పగలు వెళ్ళేవారి సంఖ్యను కూడా 200కు పరిమితం చేసింది. మన వైపు చూసినా, శ్రీశైలం వెళ్ళే అడవి దారిలో మన్ననూరు, దోర్నాల దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు వేస్తారు. కర్ణాటకలోని బందీపూర్ అడవి గుండా వెళ్ళే జాతీయ రహదారి మీద 2009 నుంచి రాత్రి రాకపోకలు ఆపేశారు. శ్రీశైలం గేటు దగ్గర బస్సు ఆగిపోయి, తెల్లవారేదాకా ఆవలిస్తూ కూర్చున్న కుటుంబాలు మా తరగతిలోనే ఉన్నాయి. తిట్టుకున్నారు గానీ మల్లన్న దర్శనం ఎవరికీ తప్పిపోలేదు.

ఇప్పుడు మిత్రుల అసలు అభ్యంతరానికి వద్దాం. గట్టున పడుకోకపోతే ఉదయం ఆ నీడ దొరకదని వాళ్ళ బాధ. దొరుకుతుంది, మేము చూశాం. సూర్యుడు ఎక్కి లోయ వేడెక్కాక గాలి వాలు వెంట పైకి వీస్తుంది, అప్పుడు నీరు కదిలి శిఖరం చెదిరిపోతుంది. అది జరగడానికి పొద్దెక్కాలి. తొలి వెలుతురులో సారీ నుంచి నడిస్తే, మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నా, నీరు నిశ్చలంగా ఉండగానే చేరుకున్నాం. సూర్యోదయపు గులాబి రంగు తప్పిపోయిన మాట నిజమే. ఒక్క రంగు కోసం చెరువును రాత్రంతా ఆక్రమించుకోవడం మాకు సబబుగా తోచలేదు.

అమ్మానాన్నల అభ్యంతరం వేరు. వాళ్ళకు చిరుత అనగానే గుండె ఆగినంత పని. రుద్రప్రయాగ పేరు వినగానే మాలో ఒకరి తాతయ్య, 125 మందిని పొట్టన పెట్టుకున్న మనుషులను తినే చిరుతను జిమ్ కార్బెట్ 1926లో కాల్చింది అక్కడే కదా అన్నారు. నిజమే. అది వందేళ్ళ నాటి మాట అని తోసిపుచ్చడం మాకిష్టం లేదు. నల్ల ఎలుగుబంటి వల్ల ఆ కొండల్లో ఇప్పటికీ మనుషులు గాయపడుతున్నారు, పిల్లలున్న తల్లి ఎలుగు ఇంకా ప్రమాదం. అందుకే చీకట్లో కొండ ఎక్కించే యాత్రలకు మేము వ్యతిరేకం. సూర్యోదయం చూపిస్తామని వేకువనే టార్చిలతో పిల్లల్ని నడిపించడం ధైర్యం కాదు. భయపడి యాత్రలే మానేయమనడానికీ మేము ఒప్పుకోం. ఊళ్ళో పడుకుని వెలుతురులో నడిస్తే పిల్లలకూ క్షేమం, కాకడ్‌కూ క్షేమం. రెండు చిక్కులకు ఒకే జవాబు ఉన్నప్పుడు దాన్ని వదులుకోవడమెందుకు?

అన్నిటికంటే బరువైన అభ్యంతరం సారీ ఊరివాళ్ళది. డేరాలు అద్దెకు ఇచ్చి బతికినవాళ్ళు ఉన్నారు. నిషేధాలు వస్తే ముందు దెబ్బ తగిలేది వాళ్ళకే, మనలాంటి యాత్రికులకు కాదు. పైగా అడవిని కాపాడటం గురించి ఆ ప్రాంతపు జనానికి మనం పాఠం చెప్పడం హాస్యాస్పదం. పక్కనున్న చమోలీ జిల్లాలోని మండల్ గ్రామస్తులు 1973లో చెట్లను నరకనివ్వకుండా నిలబడ్డారు. 1974 మార్చి 26న అదే జిల్లా రేణీలో గౌరాదేవి, ఆమె వెంట వచ్చిన ఆడవాళ్ళు గొడ్డళ్ళకు ఎదురు నిలిచారు. చిప్కో ఉద్యమం మన సాంఘికశాస్త్రం పుస్తకంలోకి రాకముందు వాళ్ళ వాకిళ్ళలో పుట్టింది.

కాబట్టి డేరా వద్దు అనేవాళ్ళు డబ్బు ఎక్కడికి పోతుందో కూడా చెప్పాలి. మా లెక్క ఇది. ఇరవై నాలుగు మందిమి ఐదు ఇళ్ళలో సర్దుకున్నాం. ఐదు వంటిళ్ళకు డబ్బు ముట్టింది. గట్టున డేరాలైతే ఒక్కరికే ముట్టేది, ఆ ఒక్కరు ఊరివారే కానక్కర్లేదు కూడా. ఇళ్ళలో మాకు పెట్టిందేమిటో తెలుసా? మండువా రొట్టె, గహత్ పప్పు. మండువా అంటే మన రాగులే, గహత్ అంటే ఉలవలే. వెయ్యి మైళ్ళ అవతల ఉలవచారుకు చుట్టం దొరికిందని కృష్ణా జిల్లా మిత్రుడొకడు మూడోసారి వడ్డించుకున్నాడు. డేరాలో అయితే నూడుల్స్ తిని పడుకునేవాళ్ళం. ఈ లెక్క అందరికీ సరిపోదని కూడా చెప్పాలి. గదులు అద్దెకు ఇవ్వగలిగిన పెద్ద ఇల్లు లేని కుటుంబాలకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. అలాంటివాళ్ళను గైడులుగా, సామాను మోసేవారిగా తీసుకుని సరైన కూలి ఇవ్వడం పాఠశాలలు చేయగల పని. బేరమాడి ఇద్దరు గైడుల చోట ఒకర్ని సరిపెట్టుకునే అలవాటు మన విహారయాత్రల్లో ఉంది, అది పోవాలి.

ఇదంతా హిమాలయాల గొడవ, మనకెందుకు అనుకునేవారు శీతాకాలంలో లంబసింగి వైపు వెళ్ళి చూడండి. చలి చూడటానికి వచ్చినవాళ్ళ డేరాలు, మంటలు, స్పీకర్లు. నీళ్ళు కనిపిస్తే చాలు, దాని పక్కనే గుడారం. నిషేధం లేని చోట మన ఇష్టం అన్నట్టు ఉంది వరస. కోర్టు ఆపితేనే ఆగడం ఎనిమిదో తరగతి పిల్లలకు మేము నేర్పదలచుకోలేదు.

రాత్రి బస వల్ల పిల్లలకు ఏం దక్కుతుందని అడుగుతారు కాబట్టి అదీ చెబుతాం. సారీలో కరెంటు ఆ రాత్రి తొందరగా పోయింది. పొలాల మెట్ల అంచున దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. పదిన్నర ప్రాంతంలో పై అడవిలోంచి ఒక మొరుగు వినిపించింది, గొంతు చించుకున్నట్టు, ఆగి ఆగి. ఊరి కుక్కలు లేచి నిలబడ్డాయి గానీ బదులు మొరగలేదు. కాకడ్ అలా అరుస్తోందంటే అది దేన్నో చూసిందని భైజీ అన్నాడు. మర్నాడు బురద మీద ఆ ‘దేన్నో’ అడుగులు చూశాం. చెరువు గట్టున డేరాలో ఉండి ఉంటే ఆ అరుపు మమ్మల్ని చూసి అరిచినదై ఉండేది, లేదా అసలు ఉండేదే కాదు.

వచ్చే ఏడాది దళం కోసం ప్రిన్సిపల్ గారికి ఒక కాగితం రాసి ఇచ్చాం. బస ఊళ్ళోనే ఉండాలని, వెలుతురు వచ్చాకే ఎక్కి, చీకటి పడకముందే దిగాలని అందులో ఉంది. చెరువులో సబ్బు వాడకూడదని, స్పీకరు బ్యాగులో కూడా పెట్టుకోకూడదని ఉంది. పది మందికి ఒక గైడు చొప్పున తీసుకోవాలని, ఆ డబ్బు ముందే లెక్కలో చూపాలని కూడా ఉంది. ఆయన చదివి, స్టోరు గదిలో ఉన్న డేరాలను ఏం చేయమంటారని అడిగారు. బడి మైదానంలో వేసుకుంటామని చెప్పాం. ఒక వాక్యం చివర్లో మేమే చేర్చాం: ఆ రాత్రి ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని కూర్చున్న నలుగురికి కాకడ్ అరుపు వినిపించలేదు కాబట్టి, టోపీ చెవుల పైదాకానే పెట్టుకోవాలని.